మాస్టారి ఉత్తరంలో మూడు తప్పులు

"ఆయన చచ్చిపోలేదండి. చచ్చిపోదామనుకున్న మనిషైనా సరే, ఆయన ఇలా రాయరు."

ఎలీసమ్మ గారు జెరాక్సు కాగితాన్ని బల్ల మీద పరిచి, మడత మీద అరచేత్తో గట్టిగా రుద్దింది.

బుధవారం పొద్దున్న ఎనిమిదీ నలభై. వరండాలో సంఘం పెద్దలు ఆరుగురు బైబిళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆదరణ కూడిక పెట్టడానికి వచ్చేరు. ఆవిడ వాళ్ళందరికీ మంచినీళ్ళిచ్చి, "ఆదరణ కూడిక పోయినవాళ్ళ ఇంట్లో పెడతారండి. మా ఆయన కనపడట్లేదంతే. ఇళ్ళకెళ్ళి ఆయన తిరిగి రావాలని ప్రార్థన చెయ్యండి" అని చెప్పి, లోపలికొచ్చి తలుపేసేసింది.

ఎదురు కుర్చీలో డిటెక్టివ్ భవానీదేవి కూర్చుని ఉంది. నలభై ఆరేళ్ళ మనిషి. అంతర్వేదిలో చేపలు పట్టే ఇంట్లో పుట్టి, పోలీసు ఉద్యోగంలో చేరి, ఎస్సై దాకా వచ్చి, ఒక దొంగ సాక్ష్యం మీద సంతకం పెట్టమంటే పెట్టనని రాజీనామా ఇచ్చేసింది. ఇప్పుడు అమలాపురం కోర్టు వెనక వీధిలో సొంత బోర్డు పెట్టుకుంది. నిన్న సాయంత్రం ఎలీసమ్మ గారు ఫోన్ చేస్తే, పొద్దున్న మొదటి బస్సుకే ఐ.పోలవరం మండలంలోని ఈ పాటిదిబ్బకి వచ్చింది.

కేసు చెప్పుకోవడానికి నాలుగు ముక్కలే. కృపానందం మాస్టారు, అరవై ఒక్కేళ్ళు, హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యేరు. ఊరి మంచినీళ్ళ చెరువు పక్కనే రొయ్యల చెరువులు తవ్వి, ఆ ఉప్పు నీళ్ళు వదిలేస్తున్నారని నూట నలభై కుటుంబాల తరఫున పర్యావరణ ట్రిబ్యునల్‌కి పిటిషన్ రాసింది ఆయనే. రేపు గురువారం పదకొండింటికి కమిటీ చూడ్డానికి వస్తోంది. నిన్న మంగళవారం ఉదయం ఆరూ పదికి ఆయన నడకకి వెళ్ళేరు, తిరిగి రాలేదు. తొమ్మిదీ యాభైకి స్టేషన్‌కి ఫోనొచ్చింది. గోదారి రేవు మెట్ల మీద ఆయన చెప్పులు, కళ్ళజోడు, ఇంగ్లీషులో రెండు పేజీల ఉత్తరం. పోలీసులు ఎలీసమ్మ గారికి మొదటి పేజీ జెరాక్సు మాత్రమే ఇచ్చేరు.

"చేతిరాత ఆయనదేనా అండీ?" అడిగింది భవాని.

"ఆయనదే. అందులో అనుమానం లేదు."

"మరి?"

"మీరు ఇంగ్లీషు ఎంత వరకూ చదివేరమ్మా?"

భవాని మొహమాటపడలేదు. "టెన్తులో ఇంగ్లీషు రెండుసార్లు తప్పేనండి. మూడోసారి ముప్పై ఆరు వచ్చేయి."

"అయితే ఇటు చూడండి." ఎలీసమ్మ గారు వేలు పెట్టింది. ఆవిడా టీచరే, అదే స్కూల్లో లెక్కలు చెప్పేది. "ఇక్కడ రాసేరు, ఐ వాజ్ ఎ ఆనెస్ట్ మ్యాన్ అని. నేను నిజాయితీపరుణ్ణి అని. ఎ ఆనెస్ట్ కాదు, యాన్ ఆనెస్ట్ అని రావాలి. హెచ్ రాస్తాం గానీ పలకం కదా, నోట్లో వచ్చేది 'ఆ' అనే అచ్చు శబ్దం. అచ్చు ముందర యాన్ పెడతాం."

"ఆయ్."

"దీని కింద వాక్యం. నౌ ఐ యామ్ యాన్ యూజ్‌లెస్ మ్యాన్. ఇక్కడ యాన్ రాకూడదు. కంటికి యు అక్షరం అచ్చులా కనిపిస్తుంది, కానీ చెవికి వినపడేది 'యూ', అంటే య శబ్దం. అది హల్లు. ఎ యూజ్‌లెస్ అనాలి. కన్ను చెప్పింది నమ్మొద్దు, చెవి చెప్పింది నమ్ము అని ముప్పై ఏళ్ళు పిల్లల ప్రాణం తీసేరు ఆయన. తప్పు రాసినవాడు యాభైసార్లు రాసేదాకా ఆయన కూడా బెంచీ పక్కన నిలబడే ఉండేవారు. మా అమ్మాయి పెళ్ళి కార్డుల్లో ఒక్క 'ద' పడలేదని నాలుగొందల కార్డులూ తిప్పి పంపించేసేరండి. అలాంటి మనిషి పక్కపక్క వాక్యాల్లో రెండు తప్పులు రాస్తారా?"

"భయంలో చెయ్యి తడబడి ఉండొచ్చు కదండీ," అంది భవాని. కావాలనే అంది.

ఎలీసమ్మ గారి కళ్ళు ఎర్రబడ్డాయి. "ఆయనకి గుండె ఆపరేషన్ చేసి ఐసీయూలో పడుకోబెట్టినప్పుడు, గోడ మీద బోర్డులో తప్పుందని నర్సుకి చెప్పి దిద్దించేరమ్మా. భయపడితే ఆయనకి గ్రామరు ఇంకా గట్టిగా గుర్తొస్తుంది."

భవాని ఆ రెండు వాక్యాలనీ తన నోటుబుక్కులో ఎక్కించుకుంది. రాసింది మాస్టారే. రాయించింది ఇంకెవరో. రాయించినవాడికి తెలియకుండా, చదివేవాళ్ళకి తెలిసేటట్టు ఆయన ఒక సంగతి చెప్తున్నారు. ఇది నేను ఇష్టపడి రాసింది కాదు అని.

"రెండో పేజీ చూడాలండి," అని లేచింది. "రేవులో ఉన్నారా సి.ఐ. గారు?"

"గంగాధరరావు గారు అక్కడే ఉన్నారు. శవం తేలుతుందని కూర్చున్నారు," అంది ఎలీసమ్మ గారు. "మీరు అక్కడ మెత్తగా మాట్లాడకండమ్మా."

భవాని రేవుకి చేరేసరికి తొమ్మిదిన్నర. నీళ్ళలో రెండు నావలు గాలాలు వేసి వెతుకుతున్నాయి. పైన టెంటు కింద సి.ఐ. గంగాధరరావు కుర్చీలో ఉన్నాడు. ఆయనా భవానీ ఒకే బ్యాచిలో ట్రైనింగైనవాళ్ళు. ఆవిడ సంతకం పెట్టనన్న దొంగ సాక్ష్యం తయారుచేసింది ఆయనే. పక్కన రొయ్యల చెరువుల యజమాని సూర్యనారాయణ, వెతికేవాళ్ళకి తన చేత్తో ఇడ్లీ పొట్లాలు పంచుతున్నాడు. మెత్తని మనిషి. భవానిని చూసి రెండు చేతులూ జోడించేడు.

"రండమ్మా. మాస్టారి కోసం ఎవరొచ్చినా మాకు ఆనందమేనండి. ఎంత గొడవున్నా ఆయన పెద్దమనిషి."

"చెప్పులు చూసింది ఎవరండీ?"

"మా మేనేజరు లోవరాజేనండి. ఏరా, ఇలా రా."

ముప్పై రెండేళ్ళుంటాయి లోవరాజుకి. సన్నగా ఉన్నాడు. భవాని ముందు నిలబడి తన కాళ్ళకేసి చూసుకుంటున్నాడు.

"ఎన్నింటికి చూసేవు?"

"ఏడింటికండి."

"అప్పుడే ఎందుకు ఫోన్ చెయ్యలేదు?"

"మాస్టారు స్నానానికి దిగేరేమో అనుకున్నానండి. మళ్ళీ తొమ్మిదీ ముప్పావుకి ఇటొస్తే అలాగే ఉన్నాయండి. అప్పుడు భయమేసి చేసేను."

"ఏ మెట్టు మీద?"

"పైనుంచి ఆరోదండి."

"ఉత్తరం?"

"చెప్పు కింద పెట్టేరండి, ఎగిరిపోకుండా."

"ఏడింటికి చూసినప్పుడు కూడా ఉత్తరం ఉందా?"

"ఆయ్. ఉందండి. ఏడింటికే. సరిగ్గా ఏడింటికండి."

అడక్కుండానే రెండుసార్లు అన్నాడు ఆ మాట. భవాని అతన్ని ఒక్క క్షణం చూసి, మెట్ల దగ్గరికి నడిచింది. మొదటి మెట్టు పొడిగా ఉంది, రెండోదీ అంతే. మూడో మెట్టు మీద తడి గీత, నాచు మీద చిన్న నత్తలు. నాలుగో మెట్టు ఇంకా కారుతోంది. అయిదో మెట్టుని నీళ్ళు కొడుతున్నాయి. ఆరోది కనపడట్లేదు.

"సి.ఐ. గారూ, ఒకసారి ఇటు వస్తారా?"

"అక్కణ్ణించే చెప్పండి, వినపడుతుంది."

"ఇవాళ పోటు ఎన్నింటికి నిండిందండీ?" భవాని నావలో మనిషిని కేకేసి అడిగింది.

"ఎనిమిదిన్నరకండి," అన్నాడతను.

"నిన్న?"

"నిన్న ఏడూ నలభైకండి. రోజూ ముప్పావుగంట అటూ ఇటూగా జరుగుద్ది కదండీ."

భవాని వెనక్కి తిరిగింది. "నిన్న ఏడూ నలభైకి నీళ్ళు నిండుగా ఉన్నాయి, అంటే మూడో మెట్టు దాకా. ఏడింటికైనా ఆరో మెట్టు నీళ్ళలోనే ఉండాలి. ఇవాళ పోటు నిండి గంటయింది, ఇప్పటికీ అది మునిగే ఉంది. మరి నిన్న ఏడింటికి ఆరో మెట్టు మీద చెప్పులెలా ఉన్నాయి? తోలు చెప్పులు తడవలేదు. ఉత్తరంలో ఒక్క అక్షరం చెదరలేదు. ఎవరో నిన్న తొమ్మిది దాటాక, ఆటుకి నీళ్ళు తీసేక, తీరిగ్గా తెచ్చి అక్కడ పెట్టేరు."

గంగాధరరావు లేచి నిలబడ్డాడు. "వీడికి వాచీ లేదు. టైము చెప్పడంలో తేడా వచ్చుంటుంది. దానికే కిడ్నాప్ అంటారా?"

"ఉత్తరంలో కూడా తేడాలున్నాయండి."

"చేతిరాత ఆయనదేనని ఆయన భార్యే చెప్పింది."

"చెయ్యి ఆయనదే. గ్రామరు ఆయనది కాదు."

గంగాధరరావు గట్టిగా నవ్వేడు. "భవానీ గారూ, మా స్టేషన్ రైటరు పదకొండేళ్ళుగా ఇంగ్లీషులో ఎఫ్ఐఆర్‌లు రాస్తున్నాడు. ఒక్కదాంట్లో కూడా ద అనే ముక్క ఉండదు. వాణ్ణి కూడా ఎవరో కట్టేసి రాయిస్తున్నట్టా? మన తెలుగులో ఎ లేదు, ద లేదు. మనకి అలవాటు లేని సరుకు. ఎవడు ఎక్కడ పెట్టుకున్నా పెట్టుకోకపోయినా కొంపలేం మునగవు. అయినా ఇంగ్లీషులో రెండుసార్లు తప్పినావిడ నాకు గ్రామరు పాఠం చెప్తారేంటండీ?"

టెంటు కింద ఇద్దరు కానిస్టేబుళ్ళు నవ్వు ఆపుకున్నారు.

"తప్పేను కాబట్టే తప్పు ఎలా ఉంటుందో నాకు తెలుసండి," అంది భవాని. చెవులు వేడెక్కేయి ఆవిడకి. "తెలియక చేసిన తప్పుకి ఒక దారీ తెన్నూ ఉండదు, ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది. మొదటి పేజీలో మిగతా ప్రతి చోటా ఎ, యాన్, ద అన్నీ సరిగ్గా ఉన్నాయని ఎలీసమ్మ గారు చూసి చెప్పేరు. ఈ రెండే తలకిందులు."

"ఏంటండీ ఆ తప్పులు?" సూర్యనారాయణ మర్యాదగా అడిగేడు. "మాలాంటివాళ్ళకి కూడా అర్థమయ్యేటట్టు చెప్పండమ్మా."

ఆ కోపంలో భవాని చెప్పేసింది. ఎ ఆనెస్ట్ గురించీ యాన్ యూజ్‌లెస్ గురించీ, చెవికి వినపడే శబ్దం గురించీ పూస గుచ్చినట్టు చెప్పింది. సూర్యనారాయణ తల ఊపుతూ విన్నాడు. అంతా అయ్యేక మెల్లిగా లోవరాజు వైపు తిరిగేడు.

"మన లోవరాజు మాస్టారి దగ్గర చదువుకున్నవాడే కదండీ. ఏరా, నీకు తెల్దా ఇది?"

"మర్చిపోయేనండి," అన్నాడు లోవరాజు.

అతని పెదాలు పాలిపోయేయి. భవాని అది చూసింది. అబద్ధపు సాక్ష్యం పట్టుబడిందని భయపడుతున్నాడనుకుంది. అంతకు మించి ఆలోచించలేదు. ఆవిడ మనసంతా గంగాధరరావు చేతిలో ఉన్న ఫైలు మీద ఉంది.

"రెండో పేజీ చూపించండి. నా మాట తప్పయితే మీ ముందే నా బోర్డు పీకేస్తాను."

"చూడండి. చూసి అమలాపురం బస్సెక్కండి." ఆయన ఫైలు తెరిచి, కాగితం తన చేతిలోనే ఉంచుకుని చూపించేడు. అయిదే వాక్యాలు. క్షమించమని ఒకటి, పిటిషన్ వెనక్కి తీసుకుంటున్నానని రెండు. చివరి రెండూ ఇవి. ఐ యామ్ గోయింగ్ ఇన్ ద బోట్. డు నాట్ సర్చ్ ఫర్ మి.

పడవలో వెళ్తున్నాను, నా కోసం వెతక్కండి. భవానికి ఇందులో తప్పేమీ కనపడలేదు. ఒక్క సంగతే అడిగింది.

"పడవలో వెళ్ళిన మనిషికి మెట్ల మీద చెప్పులు విప్పాల్సిన పనేంటండీ?"

గంగాధరరావు ఫైలు మూసేసేడు. "బస్సు పదింటికి."

భవాని రేవు దాటి రోడ్డెక్కి ఎలీసమ్మ గారికి ఫోన్ చేసింది. రెండో పేజీ వాక్యాలు ఉన్నవి ఉన్నట్టే చెప్పింది. అవతల ఎలీసమ్మ గారు కాగితం మీద రాసుకుంటున్న చప్పుడు.

"రాసుకున్నారా అండీ?"

"మళ్ళీ చెప్పండి. ఎ బోటా, ద బోటా?"

"ద బోట్."

"ఉత్తరంలో దానికి ముందు ఎక్కడైనా పడవ మాట ఉందా?"

"లేదండి."

"అయితే అదే మూడో తప్పు," అంది ఆవిడ. "కొత్తగా ఒక వస్తువు పేరెత్తేటప్పుడు ఎ అంటాం. ఏదో ఒక పడవ అని. రాసేవాడికీ చదివేవాడికీ ఇద్దరికీ తెలిసిన వస్తువైతేనే ద. ఆ పడవ అని. నాకు ఆ ఉత్తరం రాస్తూ ద బోట్ అన్నారంటే, నాకు తెలిసిన పడవ. మా ఇద్దరికీ తెలిసిన పడవ ఒక్కటే ఉందమ్మా."

"ఏది?"

"వంతెన కట్టకముందు స్కూలు అవతలి ఒడ్డున ఉండేది. ఇరవై రెండేళ్ళు పిల్లలతో పాటు ఒకే పడవలో దాటేం. దారిలో కనపడ్డ ప్రతి నావనీ చూపించి ఎ బోట్ అనేవారు. ఆఖర్ని కాలితో మా పడవ చెక్క మీద కొట్టి ద బోట్ అనేవారు. పిల్లలంతా అరిచేవారు. వంతెన వచ్చేక దాన్ని అమ్మేసేరు."

"ఎవరు కొన్నారండీ?"

"సూర్యనారాయణ. మూడో నంబరు చెరువు గట్టు మీదకి లాగించి, పైన రేకులేసి, రొయ్యల మేత బస్తాలు పెట్టుకోవడానికి వాడుకుంటున్నాడు." "మీరు అక్కడికి వెళ్తున్నారా? గేటు దగ్గర ఆగండి. నేనొస్తున్నాను. ఒక్కదాన్నే రాను."

పదీ యాభైకి మూడో నంబరు చెరువు గేటు ముందు నాలుగు ఆటోలు ఆగేయి. పద్దెనిమిది మంది ఆడవాళ్ళు దిగేరు. అందరూ పిటిషన్‌లో వేలిముద్రో సంతకమో పెట్టినవాళ్ళే. కొందరు వలలు కడిగే దగ్గర్నించి అలాగే వచ్చేసేరు. ఎలీసమ్మ గారు ఆదివారం గుడికి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది.

కాపలా మనిషి గేటుకి అడ్డంగా నిలబడ్డాడు. "ప్రైవేటు స్థలమండి. అయ్యగారు లేరు. లోపలికి రానివ్వను."

"ఎక్కడికెళ్ళేరు?" అడిగింది భవాని.

"తెల్దండి. ఇందాకే లోవరాజు గారిని తీసుకుని రేవు వైపు వెళ్ళేరు."

అంతలో వెనక జీపు వచ్చి ఆగింది. గంగాధరరావు దిగేడు. మొహం కందగడ్డలా ఉంది.

"భవానీదేవి గారూ! ఇది అతిక్రమణ. వారంటు ఉందా మీ దగ్గర?"

"నేను పోలీసుని కాదు కదండీ, నాకు వారంటు ఎవరిస్తారు? లోపలికెళ్ళేక కేసు రాసుకోండి. ఇంటి పేరుతో సహా చెప్తాను."

"అరెస్టు చేస్తాను."

"చెయ్యండి. రేపు పదకొండింటికి కమిటీ వచ్చినప్పుడు మాస్టారి భార్యనీ పద్దెనిమిది మంది పిటిషనర్లనీ లాకప్‌లో పెట్టినట్టు మీరే చెప్పుకోవాలి."

ఎలీసమ్మ గారు ఇద్దరి మధ్య నుంచీ ముందుకి నడిచింది. కాపలా మనిషి ఛాతీ దగ్గరికి వచ్చి ఆగింది. "బాబూ, నా మీద చెయ్యి వెయ్యి. లేదా పక్కకి తప్పుకో. రెంట్లో ఏదో ఒకటి తొందరగా చెయ్యి."

వాడు సి.ఐ. మొహం చూసేడు. సి.ఐ. చెరువు వైపు తిరిగేడు. వాడు పక్కకి తప్పుకున్నాడు.

గట్టు మీద రెండొందల అడుగుల దూరంలో ఉంది పడవ. నీళ్ళు చూసి చాలా ఏళ్ళయినట్టుంది, రంగు పెచ్చులూడిపోయింది. పైన రేకులు, చుట్టూ నీలం టార్పాలిన్, ఒక పక్క చెక్క తలుపు. తలుపుకి తాళం. తాళం కొత్తది. భవాని వంగి చూసింది. మేత బస్తాలన్నీ బయట ఎండలో పడున్నాయి. లోపల పెట్టాల్సిన సరుకు బయటుందంటే, లోపల వేరే ఏదో ఉంది. తలుపు ముందు మట్టిలో రెండు రకాల బూట్ల గుర్తులు, వాటి మధ్య ఒక జత ఉత్తి పాదాలు. పాదాలు లోపలికి వెళ్ళేయి, బయటికి రాలేదు.

"మాస్టారూ!" అని పిలిచింది.

లోపల్నించి దగ్గు వినపడింది.

ఎలీసమ్మ గారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భవాని గట్టు మీద పడున్న ఇనప రాడ్డు తీసింది. తాళం మీద రెండు దెబ్బలు వేసింది, ఊడలేదు. మూడో దెబ్బకి ఎవరో ఆవిడ చేతిలోంచి రాడ్డు లాక్కున్నారు. గంగాధరరావు. ఆయన తాళం కొంకిలో రాడ్డు దూర్చి బలంగా తిప్పేడు. కొంకి విరిగి కింద పడింది.

కృపానందం మాస్టారు పడవ అడుగు చెక్కల మీద ఒక పక్కకి ఒరిగి ఉన్నారు. చేతులకీ కాళ్ళకీ నైలాన్ తాడు. పెదాలు పగిలిపోయేయి. కళ్ళజోడు లేక కళ్ళు చికిలించి, ఎవరెవరో పోల్చుకోవడానికి తంటాలు పడుతున్నారు.

"నేనండీ," అంది ఎలీసమ్మ గారు.

"మూడూ పట్టేవా?"

"మూడే కదండీ చేసేరు." ఆవిడ ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, అప్పుడు ఏడ్చింది.

భవాని తాడు కోసి నీళ్ళు తాగించింది. మాస్టారు రెండు గుక్కలు తాగి సీసా పక్కకి నెట్టేసేరు.

"లోవరాజు ఏడి?"

"వాడి సంగతి తర్వాత చూద్దామండి," అన్నాడు గంగాధరరావు. "మిమ్మల్ని కట్టేసింది వాడేనా?"

"వాడు కాదయ్యా. నన్ను బతికించింది వాడు." మాస్టారు మోచేతి మీద లేచేరు. "సూర్యనారాయణకి ఇంగ్లీషు రాదు. నాచేత ఉత్తరం రాయించి, ఇందులో మెలికేమైనా పెట్టేడేమో చూడరా అని లోవరాజు చేతికిచ్చేడు. వాడు నా దగ్గర అయిదేళ్ళు చదివేడు. ఎ, యాన్ రాయడం రాక నాలుగొందలసార్లు రాసినవాడు. ఈ పడవలోనే రోజూ దాటినవాడు. ఉత్తరం రెండుసార్లు చదివేడు. ఒకసారి నా మొహం చూసేడు. చూసి, బాగానే ఉందండీ అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. రేవులో పెట్టింది కూడా వాడే."

భవాని చేతిలో సీసా అలాగే ఉండిపోయింది.

ఏడింటికే అండి, సరిగ్గా ఏడింటికండి. గోదారి ఒడ్డున పుట్టి పెరిగినవాడికి ఏడింటికి ఏ మెట్టు మీద నీళ్ళుంటాయో తెలియదా? తెలిసే చెప్పేడు. ఎవరో ఒకరు ఆ అబద్ధం పట్టుకుంటారని చెప్పేడు. పట్టుకున్నది తను. పట్టుకుని, అందరి ముందూ, సూర్యనారాయణ అడిగితే వరసగా తప్పులన్నీ విప్పి చెప్పింది కూడా తనే. నీకు తెల్దా అని సూర్యనారాయణ వాణ్ణి అడిగిన క్షణంలోనే వాడి పని అయిపోయింది.

"నేనే చెప్పేనండి," అంది మాస్టారితో. "నా నోటితో నేనే చెప్పేను. వాడు ఉత్తరంలో తప్పులు దాచేడని సూర్యనారాయణకి తెలిసిపోయింది."

మాస్టారు ఏమీ అనకముందే ఎలీసమ్మ గారి ఫోన్ మోగింది. లోవరాజు నంబరు. ఆవిడ స్పీకరు నొక్కింది.

"అమ్మగారూ, సూర్యనారాయణనండి." అదే మెత్తని గొంతు. వెనక ఇంజను చప్పుడు. "మాస్టారు దొరికేరని కాపలావాడు ఫోన్ చేసేడండి. సంతోషం. ఒకసారి ఆయనకివ్వండి."

"వింటున్నాను," అన్నారు మాస్టారు.

"రేపు పదకొండింటికి కమిటీ ముందు మీరే చెప్పాలండి, ఆ పిటిషన్ అబద్ధమని. మీ నోటితో చెప్పాలి, ఈసారి కాగితం వద్దు. చెప్పేరనుకోండి, మన లోవరాజు మధ్యాన్నం భోజనానికి ఇంటికొచ్చేస్తాడు. చెప్పలేదనుకోండి, వాడికి ఈత రాదని మీకు తెలుసు కదండీ."

గట్టు మీద పద్దెనిమిది మందీ ఫోన్ దగ్గరికి జరిగేరు. మాస్టారు ఆడవాళ్ళ మొహాలకేసి చూసేరు. నూట నలభై కుటుంబాల మంచినీళ్ళు ఒకవైపు, వాడొక్కడి ప్రాణం ఒకవైపు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు జారి గడ్డం మీద పడ్డాయి.

"చెప్..." అనబోయేరు.

"ఒప్పుకోకండి మాస్టారూ!" ఫోన్‌లో ఇంకో గొంతు, దూరం నుంచి, ఇంజను మోత మీదుగా. "ఒప్పుకోవద్దండి! మా అమ్మ కూడా ఆ నీళ్ళే తాగుద్ది! నా గురించి..."

దెబ్బ చప్పుడు. ఫోన్ ఆగిపోయింది.

గంగాధరరావు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. భవాని వైపు చూసేడు. ఆ చూపులో పొద్దుటి నవ్వు లేదు.

"భవానీ గారూ. నీళ్ళు ఇప్పుడు సముద్రం వైపు లాగుతున్నాయా?"

"గట్టిగా లాగుతున్నాయండి."

"ఇంజను బోటు గోదారి మొగ దాటి సముద్రంలో పడ్డానికి ఎంతసేపు?"

"నలభై నిమిషాలు. బయల్దేరి పావుగంటైనా అయ్యుంటుంది."

"మనకి అంతకంటే ముందు మొగ దగ్గరికి వెళ్ళే దారుందా?"

"జీపు దారి లేదు. నావలో అడ్డకాలవ పట్టుకుంటే ఉంది. నీళ్ళు ఇంకాస్త తీస్తే నావ బురదలో కూరుకుపోద్ది," అంది భవాని. అప్పటికే చెప్పులు విప్పి, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, గట్టు దిగి రేవులో నావల వైపు పరిగెడుతోంది.